సీ డ్రైవులో ఏమన్నా ఉండాయా?

కంప్యూటర్ మొరాయిస్తుంది. ఆన్ చేస్తే తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి తప్ప ముందుకు కదలదు. వైర్లన్నీ పీకి, డబ్బాను స్కూటర్ ముందు పెట్టుకుని రిపేరు షాపుకి తీసుకెళ్తారు. అక్కడి కుర్రాడు రెండు నిమిషాలు చూసి తేల్చేస్తాడు. ''విండోస్ పోయిందన్నా... మళ్లీ కొట్టాల.'' ఆ వెంటనే అసలు ప్రశ్న. ''సీ డ్రైవులో ఏమన్నా ఉండాయా?''

నందికొట్కూరులో కావచ్చు, ఆత్మకూరులో కావచ్చు... ఈ ప్రశ్న దగ్గరే ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నాన్న స్కాన్ చేయించిన పట్టాదారు పాసుపుస్తకం ఎక్కడుంది? అక్క పెళ్లి ఫొటోలు? పిల్లాడి టెన్త్ మార్కుల మెమో? ''ఏమో... డెస్క్‌టాప్ మీద పెట్టినట్టు గుర్తు. సీ డ్రైవులో అయితే ఏమీ పెట్టలేదు'' అంటారు ధీమాగా. అక్కడే ఉంది చిక్కు. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ మామూలుగా సీ డ్రైవులోనే ఉంటాయి. ఆ సంగతి చాలామందికి పోగొట్టుకున్నాకే తెలుస్తుంది.

కంప్యూటర్ కొన్నప్పుడు ప్రాసెసర్ గురించి అడుగుతాం. ర్యామ్ ఎంత అంటాం. తెర ఎన్ని అంగుళాలో చూస్తాం. లోపలున్న హార్డ్‌డిస్కును ఎన్ని భాగాలు చేశారు, ఏ భాగంలో ఏముంది అని మాత్రం అడగం. ఓ పావుగంట పని అది. విండోస్ అయినా లినక్స్ అయినా ఎక్కించడానికి ముందే జరగాల్సిన పని. అప్పుడు ఎవరూ పట్టించుకోకపోతే, నాలుగేళ్ల తర్వాత షాపు కౌంటర్ దగ్గర దాని ఖరీదు తెలుస్తుంది.

ఈమధ్య ఈ బెడద మరింత పెరిగింది. కారణం ఓ తేదీ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సేవలు ఆపేసింది. కావాలనుకున్న ఇళ్లవాళ్లు పేరు నమోదు చేసుకుంటే భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు మాత్రం 2026 అక్టోబరు 13 దాకా ఇస్తామంది. విండోస్ 11కు మారదామంటే దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో అయ్యుండాలి. అంతకన్నా పాత కంప్యూటర్లు ఇళ్లలో, జిరాక్స్ షాపుల్లో, ఎరువుల దుకాణాల్లో కొల్లలు. ఇలాంటి పాత పెట్టెలకు కొత్త ఎస్‌ఎస్‌డీ తగిలించి లినక్స్ ఎక్కించేవాళ్లు కొందరు, ఎలాగోలా విండోస్ 11నే ఎక్కించేవాళ్లు ఇంకొందరు. ఏది ఎక్కించినా మొదట వచ్చేది డిస్కు పంపకాల తెరే.

చేను ఒకటే... గనిమలే వేరు!

పార్టిషన్ అంటే ఏమిటో సీమలో ఎవరికీ పెద్దగా వివరించక్కర్లేదు. అన్నదమ్ములు పంచుకున్న చేను లాంటిదే హార్డ్‌డిస్కు. నేల ఒకటే. మధ్యలో గనిమలు వేస్తే భాగాలవుతాయి. ఎవరి భాగంలో వాళ్లు సాగు చేసుకుంటారు. ఒకరి చేలో వేరుశనగ ఎండిపోయినంత మాత్రాన పక్క చేలో జొన్నకు వచ్చే నష్టమేమీ ఉండదు.

గనిమ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసిపెట్టే అడంగల్ ఒకటి డిస్కులోనూ ఉంటుంది. దాన్నే పార్టిషన్ టేబుల్ అంటారు. కంప్యూటర్ ఆన్ కాగానే ముందు చూసేది దీన్నే. ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా మొదటి భాగం, అక్కడి నుంచి రెండోది... ఇలా అందులో రాసి ఉంటుంది. ఎవరి పేరునా లేని నేలను 'అన్‌అలకేటెడ్' అంటుంది కంప్యూటర్. మన లెక్కలో బంజరు.

ఇక ఫార్మాట్. చాలామంది అనుకుంటున్నట్టు ఇది చేనంతా దున్నెయ్యడం కాదు. షాపుల్లో మామూలుగా చేసే 'క్విక్ ఫార్మాట్' ఆ భాగంలో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితాను మాత్రమే పక్కన పడేసి కొత్తది మొదలుపెడుతుంది. ఫైళ్లు చాలావరకు నేలలోనే ఉంటాయి. వాటి మీద కొత్త విత్తనం పడ్డప్పుడే... అంటే కొత్త ఫైళ్లు వచ్చి కూర్చున్నప్పుడే పాతవి నిజంగా పోతాయి. ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. తర్వాత పనికొస్తుంది.

ఆపరేటింగ్ సిస్టమ్ కౌలుదారు లాంటిది. ఎప్పుడో ఓసారి మారక తప్పదు. వైరస్ పట్టో, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయో, కొత్త వెర్షన్ వచ్చో... పాతదాన్ని ఖాళీ చేయించి కొత్తదాన్ని దించాల్సి వస్తుంది. ఇంటి సామాను కూడా ఆ కౌలుదారు చేలోనే ఉంటే అతనితో పాటే పోతుంది. అందుకే అతనికో భాగం, ఇంటివాళ్లకో భాగం. పార్టిషన్ చేయడంలో ఉన్న తెలివంతా ఇంతే.

డెస్క్‌టాప్ ఎవరి చేలో ఉంది?

సీ, డీ అని రెండు భాగాలు చేసి ఇచ్చినా నష్టపోయేవాళ్లున్నారు. ఎందుకంటే విండోస్ తనకు తానుగా అన్నీ సీలోనే పెడుతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్... ఈ నాలుగు ఫోల్డర్లూ సీ డ్రైవులో 'యూజర్స్' అనే గదిలో ఉంటాయి. డీ డ్రైవు తెరచి చూస్తే ఎప్పుడో ఎక్కించిన పాటలు, సినిమాలు ఉంటాయి. పోయినా ఫర్వాలేని సరుకు భద్రంగా, పోకూడని సరుకు ప్రమాదంలో!

దుకాణదారుల సంగతి ఇంకా సున్నితం. ఎరువులు, విత్తనాల అంగళ్లలో, మిల్లుల్లో లెక్కలన్నీ ట్యాలీలోనే. ఎక్కించేటప్పుడు మార్చకపోతే ట్యాలీ తన డేటాను సీ డ్రైవులోనే దాచుకుంటుంది. సీ ఫార్మాట్ అయితే ఏడాది లెక్కలూ దాంతోనే. 'ట్యాలీ మళ్లీ ఎక్కిస్తాంలే' అని షాపువాళ్లు చెప్పేది నిజమే. ప్రోగ్రామ్ వస్తుంది. లెక్కలు రావు.

అన్నిటికన్నా విచిత్రమైంది డీటీపీ షాపుల బాధ. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చోట ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పని నడిచే కంప్యూటర్లు కనిపిస్తాయి. జాగ్రత్తపరులు తమ ఫైళ్లన్నీ డీలో పెట్టుకుంటారు. సీ పోతుంది, విండోస్ మళ్లీ ఎక్కుతుంది, డీలో ఫైళ్లన్నీ క్షేమం. హమ్మయ్య అనుకుని పత్రిక తెరిస్తే... తెలుగు మాయం! దాని స్థానంలో అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. ఎందుకంటే ఫాంట్లు ఉండేది సీ డ్రైవులోని విండోస్ ఫోల్డర్లో. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి ఆ ఫాంటు లేకపోతే తెలుగు తెలుగులా కనపడదు. ఫాంట్ల సీడీయో, ఇన్‌స్టాల్ చేసే ఫైలో ఎక్కడుందో దొరికేదాకా వరుడి పేరు చదవడానికి వీలుండదు. డీటీపీ పెట్టుకున్నవాళ్లు ఫాంట్లను, కీబోర్డు సాఫ్ట్‌వేర్‌ను, పేజ్‌మేకర్ సెటప్‌ను కూడా ఓ కాపీ డీలో ఉంచుకోవాల్సింది అందుకే. కొందరైతే పాత విండోస్ 7ను అలాగే ఓ భాగంలో అట్టిపెట్టి, కొత్త విండోస్‌ను మరో భాగంలో ఎక్కించుకుంటారు. ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. పాత పనికి పాతది, కొత్త పనికి కొత్తది. కాకపోతే ఆ పాత విండోస్‌లోకి వెళ్లినప్పుడు ఇంటర్నెట్ తీగ పీకేయడం మేలు. దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి చాలా ఏళ్లయింది.

డెస్క్‌టాప్ చిక్కుకు మందు తేలిక. డీ డ్రైవులో 'డాక్యుమెంట్స్', 'పిక్చర్స్' అని కొత్త ఫోల్డర్లు చేసుకోవాలి. సీలోని అసలు డాక్యుమెంట్స్ ఫోల్డర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే 'లొకేషన్' అని ఉంటుంది. అందులో 'మూవ్' నొక్కి డీలోని ఫోల్డర్‌ను చూపిస్తే చాలు. పేరు అదే, చోటు మారుతుంది. డెస్క్‌టాప్‌నూ ఇలాగే మార్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. మొత్తం డీ డ్రైవునే చూపించకూడదు, అందులోని ఫోల్డర్‌నే చూపించాలి. లేదంటే డ్రైవంతా డెస్క్‌టాప్ అయిపోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది. విండోస్ 11 కొన్ని ఇళ్లలో ఈ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు ముడిపెట్టేస్తుంది. అందులో ఉచితంగా వచ్చేది 5 జీబీ. ఓ పెళ్లి ఫొటోలకే చాలదు.

ఏ, బీ ఏమయ్యాయి?

ఇంతకీ మొదటి భాగానికి 'సీ' అని పేరెందుకు? పిల్లలు అడిగే ఈ ప్రశ్నకు పెద్దలు నీళ్లు నములుతారు. తొలినాళ్ల పీసీల్లో హార్డ్‌డిస్కే లేదు. ఒకటో రెండో ఫ్లాపీ డ్రైవులు ఉండేవి. వాటికి ఏ, బీ అని పేర్లు. 1983లో ఐబీఎం సంస్థ పీసీ ఎక్స్‌టీని తెచ్చింది. అందులో 10 ఎంబీ హార్డ్‌డిస్కు పెట్టింది. ఏ, బీ అప్పటికే అయిపోయాయి కాబట్టి దానికి సీ దక్కింది. ఫ్లాపీలు పోయాయి. ఆ రెండు అక్షరాలూ వాటికోసమే అన్నట్టు ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి. ఆ 10 ఎంబీలో నేటి ఫోన్ ఫొటోలు రెండో మూడో పడతాయి. అప్పట్లో కంపెనీ లెక్కలన్నీ పట్టేవి!

అదే ఏడాది వచ్చిన డాస్ 2.0తో 'ఎఫ్‌డిస్క్' అనే పనిముట్టు వచ్చింది. డిస్కును భాగాలు చేసేది అదే. డిస్కు మొట్టమొదటి గడిలో ఉన్న 512 బైట్ల చోటులో భాగాల జాబితాకు దక్కింది 64 బైట్లు. ఒక్కో భాగం వివరానికి 16 బైట్లు. అంటే నాలుగే భాగాలు. అయిదో తమ్ముడికి చోటు లేదు. ఆ తర్వాత ఓ ఉపాయం చేశారు. ఒక భాగాన్ని ఉమ్మడి దొడ్డిలా ఉంచి, దాని లోపల మళ్లీ చిన్న చిన్న భాగాలు చేసుకోవడం. 'ఎక్స్‌టెండెడ్ పార్టిషన్' అంటే అదే.

విండోస్ 95 తొలిరోజుల్లో మరో ఇబ్బంది. ఒక్కో భాగం 2 జీబీకి మించకూడదు. దాంతో 4 జీబీ డిస్కు కొన్నవాళ్లకు ముక్కలు చేయక తప్పేది కాదు. 1996లో ఫ్యాట్ 32 అనే కొత్త పద్ధతి వచ్చాక ఆ కట్టుబాటు పోయింది. అలవాటు మాత్రం పోలేదు. 2000 తర్వాత మన ఊళ్లలో అసెంబుల్ చేసిన కంప్యూటర్లు చూడండి. సీ, డీ, ఈ, ఎఫ్, జీ... అయిదేసి భాగాలు. సాంగ్స్‌కొకటి, మూవీస్‌కొకటి, సాఫ్ట్‌వేర్‌కొకటి. పాటలకు వేరే డ్రైవు ఎందుకంటే చెప్పేవాళ్లు లేరు. ఫోల్డర్లతో సరిపోయే పనికి గనిమలు వేసుకోవడం అది. ఈ డ్రైవు నిండిపోతుంది, ఎఫ్ ఖాళీగా ఉంటుంది, ఫైలు మాత్రం ఎక్కడా పట్టదు.

పాత పద్ధతికి ఇంకో హద్దు 2 టీబీ. అంతకన్నా పెద్ద డిస్కులో మిగతా నేలను అది లెక్కే పెట్టలేదు. అందుకే కొత్త కంప్యూటర్లు జీపీటీ అనే పద్ధతికి మారాయి. విండోస్‌లో దీంతో 128 భాగాల దాకా చేసుకోవచ్చు. అంతకన్నా గొప్ప సంగతి... భాగాల జాబితా తాలూకు నకలు ఒకటి డిస్కు చివర్లో ఉంటుంది. మొదట్లో ఉన్న అడంగల్ చిరిగినా చివర్లో ఉన్నదాన్ని చూసి బాగుచేసుకోవచ్చు. కాబట్టి కొత్తగా పంపకాలు చేస్తుంటే 'ఎంబీఆరా, జీపీటీయా' అని అడిగినప్పుడు జీపీటీయే మేలు. మరీ పాత మదర్‌బోర్డు అయితే తప్ప.

ఎవరికి ఎంత?

ముందుగా ఓ అపోహ. 500 జీబీ డిస్కు కొంటే కంప్యూటర్లో 465 జీబీయే కనపడుతుంది. 1 టీబీ అంటే 931. మిగతాది షాపువాడు మింగేశాడని అనుమానించేవాళ్లు బోలెడుమంది. పాపం, అతని తప్పేం లేదు. తయారీదారులు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కేస్తారు. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చిస్తే వచ్చేదాన్ని, అంటే 107 కోట్ల పైచిలుకును ఒక జీబీ అంటుంది. నేల అంతే. కొలిచే గొలుసు వేరు.

ఇక పంపకం. ఎక్స్‌పీ రోజుల్లో సీకి 10, 20 జీబీ ఇస్తే రాజ్యమేలేది. ఆ లెక్కతో ఇప్పటికీ సీకి 50 జీబీ ఇచ్చి మిగిలినదంతా డీకి రాసేసేవాళ్లున్నారు. విండోస్ 11 ఎక్కడానికే కనీసం 64 జీబీ డిస్కు ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంటే 50 ఏ మూలకి? ఆర్నెల్లు తిరక్కుండా సీ గీత ఎర్రబడుతుంది. అప్‌డేట్లు ఎక్కవు. అప్పుడు డీలోంచి కొంత తెచ్చి సీలో కలుపుదామంటే అదంత తేలిక కాదు. విండోస్ సొంత పనిముట్టుతో సీని పెంచాలంటే, దానికి సరిగ్గా కుడిపక్కన ఆనుకుని బంజరు ఉండాలి. మధ్యలో ఓ చిన్న రికవరీ భాగం అడ్డుపడినా గనిమ జరగదు. వేరే సాఫ్ట్‌వేర్లతో జరపొచ్చు. కానీ ఆ పని సాగుతుండగా కరెంటు పోయిందో... రెండు చేలూ కలగాపులగం. యూపీఎస్ లేకుండా, ఫైళ్లు మరో చోట దాచుకోకుండా ఆ జోలికి వెళ్లకపోవడం ఉత్తమం.

అందుకే పైరు వేయకముందే కొలత. 1 టీబీ డిస్కు ఉంటే సీకి 200 జీబీ ఇచ్చి మిగతాది ఇంటివాళ్లకు ఉంచుకుంటే హాయి. 500 జీబీ అయితే సీకి 150. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంటే? కనిపించేదే 238. దాన్నీ ముక్కలు చేస్తే రెండు భాగాలూ ఇరుకే. అలాంటప్పుడు ఎస్‌ఎస్‌డీ మొత్తం సీకే ఇచ్చి, కంప్యూటర్లో ఉన్న పాత హార్డ్‌డిస్కునే డీలా వాడుకోవడం తెలివైన పని. ల్యాప్‌టాప్‌లో రెండో డిస్కుకు చోటు లేకపోతే ఓ పోర్టబుల్ డిస్కు కొనుక్కోవడమే.

ఆ ఒక్క తెర దగ్గర...

విండోస్ ఎక్కించేటప్పుడు 'ఎక్కడ ఎక్కించమంటారు' అని ఓ తెర వస్తుంది. చాలా నష్టాలు జరిగేది ఇక్కడే. ఎందుకంటే అక్కడ సీ, డీ అనే అక్షరాలుండవు. డిస్క్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2... ఇలా అంకెలుంటాయి. పక్కన సైజు. కింద డిలీట్, ఫార్మాట్, న్యూ అనే బటన్లు. తొందరలో ఉన్న కుర్రాడు అన్నిటినీ వరసగా డిలీట్ కొట్టి, మొత్తం బంజరు చేసి, 'నెక్స్ట్' నొక్కేస్తే పని తొందరగా అయిపోతుంది. అతనికి. డీలో ఉన్నవాళ్ల ఫొటోలకు మాత్రం అదే ఆఖరి రోజు.

దీనికి సులువైన విరుగుడు ఒకటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే డీ డ్రైవుకు ఓ పేరు పెట్టుకోవడం. డ్రైవు మీద కుడి బటన్ నొక్కి 'రీనేమ్' చేసి ఇంగ్లిషు అక్షరాల్లో ఇంటిపేరో, 'ఫొటోస్'అనో రాస్తే ఆ పేరు సెటప్ తెర మీదా కనిపిస్తుంది. ఏ భాగాన్ని ముట్టుకోకూడదో అంకెల మధ్య వెతుక్కోనక్కర్లేదు.

రెండు డిస్కులున్న కంప్యూటర్ అయితే మరీ జాగ్రత్త. ఏది డిస్క్ 0, ఏది డిస్క్ 1 అన్నది ఏ తీగ ఎక్కడ తగిలించారన్నదాన్ని బట్టి మారుతుంది. పైగా పాత డిస్కు తగిలించి ఉండగా కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ ఎక్కిస్తే, కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన చిన్న భాగం ఒక్కోసారి పాత డిస్కులోనే ఉండిపోతుంది. ఏడాది తర్వాత ఆ పాత డిస్కు తీసేస్తే కొత్తదీ పలకదు! రెండు ప్రమాదాలకూ మందు ఒక్కటే. ఎక్కించే ముందు కంప్యూటర్ ఆపేసి, ఫైళ్లున్న డిస్కు తీగ పీకేయడం. విండోస్ ఎక్కాక మళ్లీ తగిలించడం. తెర మీద లేని డిస్కును ఎవరూ డిలీట్ చేయలేరు. షాపులో ఆ ఒక్క మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

అదే తెర మీద 100 ఎంబీ, 16 ఎంబీ, కొన్ని వందల ఎంబీ అంటూ చిన్న చిన్న భాగాలు కనిపిస్తాయి. ఎవరో వదిలేసిన చిల్లర ముక్కల్లా ఉంటాయి గానీ కావు. మొదటిది కంప్యూటర్ మొదలవడానికి కావాల్సింది. చివరిది విండోస్ పాడైతే మరమ్మతు చేసుకోవడానికి. బ్రాండెడ్ ల్యాప్‌టాప్ అయితే కంపెనీ ఇచ్చిన రికవరీ భాగం కూడా ఒకటి ఉండొచ్చు. పనికిమాలినవని తుడిచేస్తే, కొన్నప్పుడు ఉన్న స్థితికి తిరిగి తెచ్చుకునే దారి మూసుకుపోతుంది.

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో మరో కథ. కాలేజీలో లినక్స్ నేర్చుకోవాలి. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ నాన్నది. విండోస్ పక్కనే ఉబుంటు ఎక్కిద్దామని రాత్రి పదింటికి మొదలుపెడతారు. అక్కడ రెండు దారులు చూపిస్తుంది. ఒకటి విండోస్ పక్కన ఎక్కించమని. రెండోది 'ఎరేజ్ డిస్క్'... అంటే మొత్తం తుడిచేసి ఎక్కించమని. రెండోది నొక్కితే సీ లేదు, డీ లేదు, నాన్న ఫైళ్లూ లేవు. పద్ధతైన దారి వేరు. ముందు విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్‌కు వెళ్లి 'ష్రింక్ వాల్యూమ్'తో ఓ 50 జీబీ బంజరు వదిలిపెట్టాలి. తర్వాత లినక్స్‌ను ఆ బంజరులోకే పంపాలి. లినక్స్‌లోనూ మన ఫైళ్లుండే 'హోమ్'ను వేరే భాగంగా పెట్టుకుంటే, రేపు వెర్షన్ మార్చినా సామాను కదపక్కర్లేదు.

లినక్స్ అనగానే ఇంగ్లిషు, నల్ల తెర అని బెదిరిపోనక్కర్లేదు. తెలుగులో 'స్వేచ్ఛ' అనే ఆపరేటింగ్ సిస్టమ్ 2005లోనే వచ్చింది. డెబియన్ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని అది. స్కూలు పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' కూడా చేశారు. సీ-డాక్ సంస్థ 2007లో తెచ్చిన 'బాస్' లినక్స్‌లోనూ భారతీయ భాషలున్నాయి. డెబియన్‌ను నేరుగా ఎక్కించేవాళ్లకు బొమ్మల తెరతో నడిచే ఇన్‌స్టాలర్‌లోని భాషల జాబితాలో తెలుగూ కనిపిస్తుంది. డిస్కు తుడవాలా వద్దా అన్న ప్రశ్నను ఇంట్లో అమ్మమ్మ కూడా చదివి 'వద్దు నాయనా' అనగలిగే ఏర్పాటు విండోస్ వాడేవాళ్లకు కాస్త అసూయ కలిగించేదే.

జరగరానిది జరిగితే?

పొరపాటున డీని డిలీట్ చేశారనుకుందాం. వెంటనే చేయాల్సింది ఒక్కటే... ఏమీ చేయకపోవడం. కంప్యూటర్ ఆపేయాలి. అడంగల్లో పేరు కొట్టేసినంత మాత్రాన చేను ఎక్కడికీ పోదు కదా! మామూలు హార్డ్‌డిస్కులో జాబితా పోయినా ఫైళ్లు అలాగే ఉంటాయి. దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి 'టెస్ట్‌డిస్క్' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత గనిమలు ఎక్కడున్నాయో వెతికి మళ్లీ రాయించవచ్చు. అదే డిస్కులో విండోస్ ఎక్కించేసి, సినిమాలు నింపేసి, వారం తర్వాత 'ఫొటోలు కావాలి' అంటే దొరికే ఆశ తక్కువ.

ఎస్‌ఎస్‌డీల్లో ఆ కొద్దిపాటి వెసులుబాటు కూడా చాలావరకు ఉండదు. ఏ భాగం ఖాళీ అయిందో విండోస్ డిస్కుకు చెప్పేస్తుంది. తీరిక చూసుకుని డిస్కు తానే ఆ చోటును శుభ్రం చేసేసుకుంటుంది. వేగం కోసం చేసిన ఏర్పాటది. పొరపాటు చేసినవాళ్ల పట్ల మాత్రం దయలేనిది.

ఇంకో మాట. డీలో ఉంది కాబట్టి భద్రం అనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది... సీ, డీ రెండూ ఒకే ఇనుప డబ్బాలో ఉంటాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తినప్పుడు, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు, నీళ్లు ఇళ్లనీ దుకాణాలనీ ఆఫీసులనీ వదల్లేదు. బల్ల కింద, నేల మీద పెట్టే సీపీయూ మునిగితే అందులోని అన్ని అక్షరాలూ కలిసే మునుగుతాయి. హార్డ్‌డిస్కు కింద పడినా, పిడుగు పడి కరెంటు ఎక్కువ వచ్చినా అంతే. పార్టిషన్ కాపాడేది విండోస్ మార్పిడి నుంచి మాత్రమే. డిస్కే పోతే కాపాడాల్సింది వేరేచోట ఉన్న మరో కాపీ. పోర్టబుల్ డిస్కులో ఒకటి. అది కూడా కంప్యూటర్ పక్కనే కాకుండా బీరువాలోనో, బంధువుల ఇంట్లోనో.

కొత్త కంప్యూటర్లతో వచ్చిన చిక్కు ఒకటి మిగిలి ఉంది. 2024 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 '24హెచ్2' వెర్షన్ నుంచి, కొత్తగా విండోస్ ఎక్కించి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే చాలా కంప్యూటర్లలో డిస్కుకు దానంతటదే తాళం పడుతోంది. దొంగ చేతికి ల్యాప్‌టాప్ దొరికినా ఫైళ్లు దొరకవు. మంచిదే. కానీ సీని మార్చి మళ్లీ విండోస్ ఎక్కించిన రోజున డీకి ఉన్న తాళం మన దగ్గరా అడుగుతుంది. ఆ తాళంచెవి 48 అంకెల సంఖ్య. ఆ ఖాతాలోనే దాచి ఉంటుంది. షాపువాళ్లు కంప్యూటర్‌ను తమ సౌకర్యం కోసం తమ ఖాతాతో మొదలుపెట్టి ఇస్తే అది వాళ్ల ఖాతాలో ఉంటుంది! అందుకే సొంత ఖాతాతోనే మొదలుపెట్టించుకోవాలి. విండోస్ మార్పించడానికి తీసుకెళ్లే ముందే ఖాతా తెరిచి, ఆ 48 అంకెలూ కాగితం మీద రాసి పాసుపుస్తకంలో పెట్టుకోవాలి. అవి లేకపోతే షాపు కుర్రాడే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా ఆ డిస్కును తెరవలేదు.